మంటకు నేను రాసిన కారణం

నా చేతిరాత గుండ్రంగా, ముద్దుగా ఉంటుంది. బళ్ళో టీచర్లు మెచ్చుకున్నారు, చర్చిలో నోటీసులన్నీ నా చేతే రాయించారు. ఉద్యోగంలో చేరిన మొదటి నెలలోనే మా రేంజ్ సారు కూడా ఆ సంగతి కనిపెట్టాడు. ఆ రాతే లేకపోతే అడవిని పలుచన చేసే ప్లాన్ నా నెత్తిన పడేది కాదు. ఆ ప్లాన్ పడకపోతే నేను ఎంత పిరికిదాన్నో నాకు తెలిసేదీ కాదు. చాలామందికి ఆ సంగతి తెలియకుండానే జీవితం గడిచిపోతుంది. వాళ్ళని చూస్తే నాకు కుళ్ళు.

అప్పట్లో నేను అడవి బీట్ ఆఫీసర్ని, రేంజ్ సారు మాకు పై ఆఫీసరు. పేరులో ఆఫీసర్ ఉంది గానీ ఆఫీసులో నాకు కుర్చీ లేదు. తిరగడం, కాపలా కాయడం, కట్టెలు కొట్టేవాళ్ళను పట్టుకోవడం, పట్టుకున్నది రాసివ్వడం, ఇదీ పని. నేను శంషాబాద్‌లోనే పుట్టి పెరిగాను. నాన్న కౌలు పొలం చేస్తూ, అమ్మ ఒక బడిలో ఆయాగా పనిచేస్తూ నన్ను డిగ్రీ దాకా చదివించారు. ఉద్యోగం వచ్చినప్పుడు అమ్మ మా చర్చిలో కృతజ్ఞత ప్రార్థన పెట్టించి అందరికీ లడ్డూలు పంచింది. ఇంటికి దగ్గరే కదా అని పాల్మాకుల దాటాక గుట్టల మీద ఉన్న అడవిని నాకు బీట్‌గా ఇచ్చారు.

అడవి అనగానే మానులూ సెలయేళ్ళూ ఊహించుకోకండి. గుట్టకు ఒక వైపు నేను పుట్టకముందెప్పుడో మా ఆఫీసువాళ్ళే వరసగా నాటిన నీలగిరి చెట్లు. ఇంకో వైపు తుమ్మ, చండ్ర, పరికి కంప, సీతాఫలం పొదలు, వాటి సందుల్లో నడుము దాకా పెరిగే బోద గడ్డి. అక్కడక్కడా నిలువునా ఎండిపోయిన చెట్లు. విమానాలు చక్రాలు దించుకుని నెత్తి మీంచే పోయేవి. మొదట్లో తలెత్తి చూసేదాన్ని, తర్వాత అదీ మానేశాను.

విమానాశ్రయం తెరిచిన మరుసటి వేసవిలో ఆ గడ్డి అంటుకుంది. అంతకు ముందూ ఏటా ఏదో ఒక మూల కాలేది, ఎవరికీ పట్టేది కాదు. ఈసారి పొగ పెద్ద రోడ్డు మీదికి పోయింది. కార్లలో పోయేవాళ్ళు దగ్గారు. కార్లలో పోయేవాళ్ళు దగ్గితే కుర్చీల్లో ఉన్నవాళ్ళకు జ్వరం వస్తుంది. పది రోజుల్లో పై నుంచి కాగితం దిగింది: చెట్లను పలుచన చేసి మంటల ముప్పు తగ్గించాలి, అందులో ఉండే పక్షులకు ఇబ్బంది కలగకూడదు, దానికి ప్లాన్ పంపాలి. రేంజ్ సారు ఆ కాగితం నా చేతిలో పెట్టి, "నీ రాత బాగుంటుంది కదమ్మా, నువ్వే చూడు" అన్నాడు. తియ్యగా మాట్లాడి పని తప్పించుకోవడంలో ఆయనంత నేర్పరిని నేను మళ్ళీ చూడలేదు.

చెట్ల సంగతి కొంచెం తెలుసు. పక్షుల సంగతి నాకు కాకి, పిచ్చుక, నెమలి దాకానే తెలుసు. ఏం రాయాలో తోచక రెండు వారాలు కంపలో పడి తిరిగాను. ఒకరోజు పొద్దున గడ్డిలోంచి ఒకామె తల మీద పుల్లల మోపుతో బయటికొచ్చింది. యాభై దాటి ఉంటాయి. చేతిలో కొడవలి. నేను నా అలవాటు ప్రకారం గొంతెత్తాను, ఎవరు రమ్మన్నారు, ఎవరు కొట్టమన్నారు అని.

ఆమె మోపు దించలేదు. "అరుసుడు జర ఆపు బిడ్డా. అండ్ల పిల్లలున్నయి" అంది.

ఏ పిల్లలో అర్థం కాక చుట్టూ చూశాను. ఆమె గడ్డంతో ఒక పరికి పొదను చూపించింది. పొద కొమ్మకు పచ్చగడ్డి పోచలతో ఒక ముడి వేసి ఉంది. లోపల కముజు పిట్ట గుడ్లు పొదుగుతోందట. ముడి ఉన్న పొద దగ్గర ఎవరూ కొడవలి పెట్టరు, అరవరు, అటు మేకను తోలరు. ఎవరికి కనిపిస్తే వాళ్ళు ముడి వేస్తారు, పిల్లలు లేచిపోయాక ఎవరికి కనిపిస్తే వాళ్ళు విప్పేస్తారు. వాళ్ళ ఊరి ఆడవాళ్ళు అమ్మమ్మల కాలం నుంచీ చేస్తున్న పని అది. ఆరునెలలుగా ఆ దారిన తిరుగుతున్న నాకు ఒక్క ముడీ కంటపడలేదు. సిగ్గేసింది, ఆ సిగ్గుకు కోపం కూడా వచ్చింది.

ఆమెది గుట్ట కింది ఊరే. ఉన్న రెండెకరాల్లో ఎకరం రోడ్డుకు పోయింది, మిగిలిన ఎకరం వానను బట్టి. మొగుడు లేడు. అదే ఊళ్ళో వేరే ఇంట్లో తమ్ముడు, అతని పెళ్ళాం పిల్లలు ఉన్నారు. రోజూ సాయంత్రం తమ్ముడు వచ్చి ఆమె అరుగు మీద కూచుని చాయ్ తాగి పోవాల్సిందే, రాకపోతే ఈమె గిన్నె పట్టుకుని అతని ఇంటికి పోయేది. బర్రెలకు గడ్డీ, పొయ్యికి పుల్లలూ, అమ్ముకోవడానికి చీపుర్లూ, కార్తీకం ముందు సీతాఫలాలూ, అన్నీ ఆ గుట్ట మీంచే. నేను ఆమెను పెద్దమ్మా అనడం మొదలుపెట్టాను. ఆమె నన్ను మొదటి రోజు నుంచీ బిడ్డా అనే పిలిచింది, మేడం అనమని చెప్పే ధైర్యం నాకు రాలేదు.

ఆ వానాకాలం, ఆ చలికాలం ఆమె వెంట తిరిగాను. బూట్లు వేసుకుని వెళితే నవ్వేది. "పిట్టల కాడికి పోతున్నవా, పెండ్లి బాజా కొట్టుకుంట పోతున్నవా?" చెప్పులు విప్పి నడవడం నేర్చుకున్నాను. ఎండిన చెట్టు తొర్రల్లో పాలపిట్ట పిల్లలు చేస్తుందనీ, పైడికంట్లనే చిన్న గుడ్లగూబలు అదే తొర్రలో పగలంతా కూచుంటాయనీ, అందుకే ఎండిన చెట్టు మీద వాళ్ళు గొడ్డలి వెయ్యరనీ ఆమే చెప్పింది. దసరా నాడు పాలపిట్టను చూడాలని ఊరంతా బయల్దేరతారు కదా, ఆ పిట్ట ఎక్కడ పుడుతుందో ఆ పోయేవాళ్ళలో ఎందరికి తెలుసో నాకు తెలియదు. నాకైతే అప్పటిదాకా తెలియదు.

గడ్డి కోయడానికీ వాళ్ళకొక పద్ధతి ఉంది. దివిలె పండుగ, అంటే దీపావళి, అయ్యేదాకా ఎవరూ కొడవలి పట్టరు. కోసేటప్పుడు కింద రోడ్డు వైపు నుంచి మొదలుపెట్టి గుట్ట మీదికి పోతారు. లోపలున్న పిట్టలూ కుందేళ్ళూ పైకి పారిపోవడానికి దారి ఉంటుంది. నాలుగు వైపుల నుంచీ కోసుకుంటూ మధ్యకు వస్తే అవన్నీ నడిమధ్యలో చిక్కుకుని చస్తాయి. "గట్ల కోసుడు కోసుడు కాదు, కసాయి పని" అనేది ఆమె.

చెట్లను పలుచన చేయడమంటే ఏమిటో నేను చెప్పబోతే ఆమె మధ్యలోనే అందుకుంది. "జొన్న చేన్ల ఒత్తు పీకుతం గద, గట్లనే ఏంది?" అచ్చం అంతే. అంతకు మించి చెప్పడానికి నా డిగ్రీ దగ్గర ఏమీ లేదు. నీలగిరి ఒత్తు తీయాలి, దాని బెరడూ ఆకూ పెట్రోలు పోసినట్టు మండుతాయి. రోడ్డు వెంబడి గడ్డి కోసి ఖాళీ పట్టీ ఉంచాలి. కంప పొదల్ని గుంపులు గుంపులుగా వదలాలి, గుంపుకీ గుంపుకీ మధ్య సందు ఉండాలి. ఎండిన తొర్ర చెట్లను ముట్టుకోకూడదు. కొట్టిన కొమ్మల్ని ఎండలు ముదరకముందే అడవిలోంచి తీసేయాలి. ఈ చివరిదే అన్నిటికన్నా ముఖ్యం. నరికిన కొమ్మల్ని కుప్పలు పోసి వదిలేస్తే నరకడం కన్నా నరకకపోవడమే నయం. అందుకే గడ్డి కోతా, కొమ్మల ఏరివేతా ఆ ఊరి ఆడవాళ్ళ చేత చేయించాలని, కోసిందీ ఏరిందీ వాళ్ళే ఉచితంగా తీసుకుపోవాలని ఒక పేజీ నిండా రాశాను.

ఆమె ఇవన్నీ చెప్పినందుకు నన్ను అడిగింది ఒక్కటే. గుట్ట మీద బండరాయి మీద కూచుని సద్దన్నం తింటున్నాం. "మా ఆడోళ్ళను గుట్ట మీదికి రానియ్యమని రాయి బిడ్డా. దొంగల లెక్క దాక్కుంట ఎన్నొద్దులు వస్తం? కాయితం మీద ఉంటే ఇగ ఎవ్వడు అడుగడు. నాకు గంతే గావాలె."

"రాస్త పెద్దమ్మా. రాసుడు కాదు, చేయిస్త" అన్నాను. పొగరుగా అన్నాను కూడా.

ప్లాన్ పోయింది. నెలల తరబడి చప్పుడు లేదు. తర్వాతి చలికాలం చివర్లో మంజూరై తిరిగి వచ్చింది. నా పొదల గుర్తులు, తొర్ర చెట్ల గుర్తులు, రంగు పెన్సిళ్ళతో నేను గీసిన పటం, అన్నీ ఉన్నాయి. ఆడవాళ్ళ పేజీ మీద మాత్రం ఎర్ర సిరాతో అడ్డంగా ఒక గీత. పక్కన చిన్న అక్షరాలతో, బయటి వ్యక్తులకు ప్రవేశం వద్దు, పని మొత్తం కాంట్రాక్టుకు ఇవ్వాలి అని ఉంది. ఆ గుట్ట మీద బయటి వ్యక్తి ఎవరయ్యా అంటే నేనూ, ఆ గీత గీసినాయనా.

ఇక్కడే నేను నోరు తెరవాల్సింది. పలుచన చేసే పనిలో ఏరివేత లేకపోతే మంటకు పొయ్యి పేర్చి పెట్టినట్టేనని ఆఫీసులో అందరికన్నా నాకే బాగా తెలుసు. కానీ అదే వారం పట్నంలో పెద్ద మీటింగు పెట్టి, మంచి ప్లాన్ అని నన్ను స్టేజీ మీదికి పిలిచి శాలువా కప్పారు. ఫొటో తీశారు. అమ్మ ఆ ఫొటోను ఫ్రేము కట్టించి గోడకు వేలాడదీసి, వచ్చిన ప్రతివాళ్ళకూ చూపించింది. ఎర్ర గీత గురించి అడిగితే శాలువా తిరిగిచ్చేయమంటారేమో అన్నట్టు ఊరుకున్నాను. పెద్దమ్మకు మాత్రం, "ఈ ఏడు గాదంట, వచ్చే ఏడు సూద్దం" అని చెప్పాను. ఆమె నా మాట నమ్మి తల ఊపింది.

మార్చి దగ్గర పడుతుండగా కాంట్రాక్టరు మనుషులు దిగారు. ఎక్కడెక్కడి నుంచో వచ్చినవాళ్ళు, వాళ్ళ తప్పేమీ లేదు, చెప్పిన పని చేశారు. గడ్డి కోసే మిషన్లు భుజానికి తగిలించుకుని నాలుగు అంచుల నుంచీ మధ్యకు కోసుకుంటూ వచ్చారు. గడ్డి ముడులు వాళ్ళకు గడ్డిగానే కనిపించాయి. నేను పటం పట్టుకుని పొద పొదకూ పరిగెత్తి కొన్నిటిని కాపాడాను, కొన్నిటిని చేరుకునేసరికే అయిపోయింది. ఎండిన చెట్లను కొట్టొద్దంటే మేస్త్రీ నవ్వాడు. మంట అంటుకునేది ఎండిన చెట్టుకా, పచ్చ చెట్టుకా మేడం అని అడిగాడు. చదువుకున్నవాళ్ళకే ఎక్కని విషయం అతనికి ఎలా ఎక్కిస్తాను? నీలగిరి దుంగలు అమ్ముడుపోయేవి కాబట్టి నాలుగు రోజుల్లో లారీలెక్కి వెళ్ళిపోయాయి. కొమ్మలూ ఆకులూ బెరడూ ఎవరికీ అక్కర్లేదు కాబట్టి రోడ్డు వెంబడి మనిషెత్తు కుప్పలై మిగిలాయి.

ఆ కుప్పలు తీయడానికి ఒక అనుమతి కావాలట. దేవుడు వరమిచ్చినా పూజారి ఇవ్వడన్నట్టు, నరకడానికి వచ్చిన అనుమతి ఎత్తడానికి రాలేదు. రేంజ్ సారును రోజూ అడిగాను. "వస్తుందమ్మా, ఎందుకంత తొందర" అనేవాడు. ఆకులు మొదట పసుపుపచ్చగా, తర్వాత ఎర్రగా మారాయి. కాలు పెడితే అప్పడాల్లా విరిగేవి.

ఒకరోజు పెద్దమ్మ ఆరుగురు ఆడవాళ్ళను వెంటబెట్టుకుని తాళ్ళూ కొడవళ్ళూ పట్టుకుని వచ్చింది. వాళ్ళకు కావలసింది ఆ కుప్పలు. నాకు కావలసిందీ ఆ కుప్పలు పోవడమే. వారం రోజులు వదిలేస్తే చాలు, వాళ్ళే ఊడ్చినట్టు ఎత్తుకుపోయేవాళ్ళు. రేంజ్ సారు జీపు ఆ రోజు కింద రోడ్డు మీదే ఆగి ఉంది. ఆయన చూస్తున్నాడు. నేను వాళ్ళకు అడ్డం నిలబడి అనుమతి లేదన్నాను.

"ఎండిన ఆకులకు అనుమతి ఏంది బిడ్డా? ఇయ్యి గిట్లనే ఉంటే మల్ల అంటుకుంటది. నువ్వే జెప్పినవ్ గద" అంది పెద్దమ్మ.

"తెలుసు పెద్దమ్మా. పై నుంచి ఆర్డరు" అన్నాను. కింద నుంచి హారన్ మోగింది. ఖాళీ చేతులతో కిందికి పోతే సారుకు ఏం చెప్పాలో తెలియలేదు. ఏడుగురి కొడవళ్ళూ తీసుకున్నాను. రెండు రోజుల్లో తిరిగిస్తానని మాటిచ్చాను. ఒక్కొక్కరే వచ్చి నా చేతిలో పెట్టారు. పెద్దమ్మ తన కొడవలిని ఇచ్చేముందు కొంగుతో తుడిచి, పిడి నా వైపు తిప్పి ఇచ్చింది. వాటిని తీసుకుపోయి స్టోర్ రూములో పడేశాను. రెండు రోజులు పోయి రెండు వారాలైనా నేను వాటి ఊసెత్తలేదు.

ఏప్రిల్‌లో మిట్టమధ్యాహ్నం అంటుకుంది. నేను ఎదురు వాలు మీద ఉన్నాను. కాంట్రాక్టరు మనుషులు కొందరు మిగిలిన పనికని అక్కడే గుడిసె వేసుకుని, కుప్పల పక్కనే మూడు రాళ్ళు పెట్టి వండుకునేవారు. ముందు రోజే అక్కడ వండొద్దని అరిచి వచ్చాను. పొగ లేచింది సరిగ్గా ఆ మూడు రాళ్ళ దగ్గరి నుంచే. నేను కళ్ళతో చూశాను. గడ్డి మంటైతే మోకాలెత్తున పాకుతూ పోతుంది, పచ్చ కొమ్మతో కొట్టి ఆర్పొచ్చు. ఇది కుప్ప నుంచి కుప్పకు ఎగిరింది, కుప్పల మీంచి చెట్ల తలల్లోకి ఎక్కింది. మేం వదిలిన కొన్ని పొదల గుంపులూ దాని దారిలోనే ఉన్నాయి.

ఫైరింజన్ రోడ్డు దిగలేకపోయింది. మొదట వచ్చింది ఊరి ఆడవాళ్ళే. తడిపిన గోనె సంచులతో గుట్ట ఎక్కారు, నేను కొడవళ్ళు గుంజుకున్న ఆ ఏడుగురూ అందులో ఉన్నారు. పెద్దమ్మ నా పక్కనే నిలబడి కొట్టింది. కొట్టీ కొట్టీ ఒక చోట మంట తిరగబడి ఆమె కుడి చేతిని మోచేతి దాకా కాల్చింది. శంషాబాద్ దవాఖానకు ఆటోలో నేనే తీసుకుపోయాను. దారి పొడుగునా ఆమె తన చెయ్యి సంగతి ఎత్తలేదు, ఆ బండ పక్క పొదలో నిన్ననే గుడ్లు చూసిన అని అదే పనిగా చెప్పింది. నేను ఏడ్చాను. ఆమె ఎడమ చేత్తో నా వీపు నిమిరింది.

మూడో రోజు మంట రిపోర్టు రాయాల్సి వచ్చింది. ఆ ఫారంలో ఎంత విస్తీర్ణం, ఏ చెట్లు, ఎన్ని గంటలకు అని గడులుంటాయి. చివర్లో కారణం అని ఒక గడి. కాంట్రాక్టరు కూలీల వంట పొయ్యి, తొలగించని కొమ్మల కుప్పలు అని నా గుండ్రటి చేతిరాతతో రాసి సారు టేబుల్ మీద పెట్టాను.

ఆయన కోప్పడలేదు. కూర్చోమన్నాడు, చాయ్ తెప్పించాడు. "చూడమ్మా, కుప్పలు ఎందుకు తొలగించలేదని అడుగుతారు. ప్లాన్ ఎవరిదని అడుగుతారు. ప్లాన్ మీద నీ పేరుంది. శాలువా కూడా నీకే కప్పారు. నీది కొత్త ఉద్యోగం. నేనైతే రిటైర్ కాబోతున్నాను, నాకేముంది?" అన్నాడు. కొత్త ఫారం ఒకటి తీసి నా ముందు పెట్టాడు. "ఊరివాళ్ళు గడ్డి కోసం వస్తుంటారు కదా. వాళ్ళ దగ్గర పట్టుకున్న కొడవళ్ళు కూడా స్టోర్‌లో ఉన్నాయి. ఎవరి పేరూ రాయొద్దు, ఎవరి మీదా కేసు ఉండదు. ఊరు అని రాస్తే చాలు. ఊరికేమవుతుంది?"

బలవంతం చేశాడని చెప్పుకుంటే నాకు తేలిక. చెయ్యలేదు. పెన్ను నాదే, చెయ్యి నాదే. గడ్డి కోయడానికి అక్రమంగా ప్రవేశించిన గ్రామస్థుల నిర్లక్ష్యం అని రాశాను. సంఘటన స్థలంలో దొరికినవి, కొడవళ్ళు ఏడు అని కూడా రాశాను. కొడవళ్ళు పట్టుకున్న తేదీ మార్చాను. సంతకం పెట్టాను. చాయ్ కూడా తాగాను.

ఆ ఆదివారం చర్చిలో అమ్మ పక్కన కూచున్నాను. పొరుగువాడి మీద లేనిది చెప్పకూడదనే ఆజ్ఞ ఎన్నోదో చిన్నప్పుడు సండే స్కూల్లో పరీక్ష పెడితే నాకే బహుమతి వచ్చింది. ప్రసంగం దేని గురించో ఒక్క ముక్క ఎక్కలేదు. అయిపోయాక అమ్మ నా మొహం చూసి, ఎండలో తిరిగి తిరిగి నల్లబడిపోయావు, మజ్జిగ తాగు అంది.

ఊరికేమవుతుంది అన్నాడు కదా ఆయన. ఊరికైంది ఇది. గుట్ట చుట్టూ లోతుగా కందకం తవ్వారు, ముళ్ళ తీగ వేశారు, ఇద్దరు వాచర్లను పెట్టారు. గడ్డి మోపు కాదు కదా, చీపురు పుల్ల కూడా బయటికి రాలేదు. బర్రెలకు మేత లేక మొదట ఒక ఇంటివాళ్ళు అమ్మారు, తర్వాత అందరూ అమ్మారు. కోసేవాళ్ళు లేక గడ్డి మాత్రం మళ్ళీ నడుము దాటింది. కంచే చేను మేస్తే చేను ఎవరికి చెప్పుకుంటుంది? పెద్దమ్మకు నేను కనపడకుండా తిరిగాను. కాలిన చెయ్యి మానిందో లేదో కనుక్కోవడానికి కూడా పోలేదు. ఏడాది తిరక్కముందే బదిలీ అడిగి తెచ్చుకుని నల్గొండ వైపు వెళ్ళిపోయాను.

తెలంగాణ వచ్చిన ఏడాది, వానలు మొదలైన రోజుల్లో అమ్మను చూడ్డానికి వచ్చి, ఆరాంఘర్ చౌరస్తాలో శంషాబాద్ బస్సు కోసం నిలబడ్డాను. వెనక నుంచి ఎవరో "బిడ్డా" అన్నారు. తిరిగి చూడకముందే నాకు తెలిసిపోయింది.

పెద్దమ్మ బాగా తగ్గిపోయింది. కాటేదాన్‌లో ఒక ఫ్యాక్టరీలో ప్లాస్టిక్ ఏరే పనికి పోతోందట, పొద్దున ఒక బస్సు, సాయంత్రం ఒక బస్సు. కుడి చేతి చర్మం మోచేతి దాకా ముడుచుకుని మెరుస్తోంది. ఆ చేత్తోనే నా చెయ్యి పట్టుకుంది. పెండ్లయిందా, ఎక్కడుంటున్నవ్, గింత సన్నగైనవేంది అని ఒకదాని మీద ఒకటి అడిగింది. నేను జవాబులు చెబుతూ బస్సు వచ్చే దిక్కే చూస్తున్నాను.

"నీ గురించి మా ఇండ్ల పెద్ద లొల్లి అయింది, ఎరుకేనా?" అంది నవ్వుతూ. "మా తమ్ముడు ఆఫీసుల చుట్టు తిరిగి ఏదో కాయితం దెచ్చిండు. మంట మా ఊరోళ్ళే వెట్టిన్రని నువ్వు రాసినవంట. ఆ కొడవండ్లు గూడ ఆన్నే దొరికినయని రాసినవంట. నేను ఇనలే. ఆ పిల్ల గట్ల రాయది, నా పక్కన నిలవడి మంట ఆర్పింది, నన్ను దవాఖానకు తోలుకపోయింది అన్న. ఊరందరితోని కొట్లాడిన. తమ్మునితోనైతే రెండేండ్ల సంది మాటల్లేవు. వాని బిడ్డ పెండ్లికి గూడ పోలే."

రోడ్డు మీద హారన్లు మోగుతున్నాయి. ఆమె ఇంకొంచెం దగ్గరికి జరిగింది.

"నువ్వు రాయలే గద బిడ్డా?"

నిజం చెప్పడానికి నాకు దొరికిన రెండో అవకాశం అది. మొదటిసారి ఉద్యోగం పోతుందని భయపడ్డాను. ఈసారి పోయేదేమిటో కూడా నాకు తెలియదు. ఆమె మొహం చూశాను. "లేదు పెద్దమ్మా, నేను రాయలే" అన్నాను.

"నాకెరుకే" అంది. వెంటనే నడుముకున్న సంచిలోంచి చిన్న ఫోన్ తీసింది. నంబర్ల మీద కాసేపు వెతికి, ఒకటి నొక్కి నాకు అందించింది. "గా మాట జర వానికి జెప్పు. నీ నోటితోని ఇంటెనే నమ్ముతడు. ఒక్కడే తమ్ముడు బిడ్డా, ఇంకెన్నొద్దులు ఉంటమో ఏందో."

వద్దనడానికి కారణం ఏం చెప్పాలి? ఫోన్ చెవి దగ్గర పెట్టుకున్నాను. అవతల అతను రెండేళ్ళ తర్వాత అక్క నంబరు చూసి, "అక్కా, ఏమైందే, మంచిగున్నవా?" అని కంగారుగా అరుస్తున్నాడు. నేను ఎవరో చెప్పాను. మీ అక్క పక్కనే ఉందని, బాగానే ఉందని చెప్పాను. తర్వాత, "ఆ రిపోర్టు నేను రాయలేదన్నా" అన్నాను.

అవతల అతను నడిచిపోయి తలుపు వేసుకున్న చప్పుడు వినబడింది.

"కాయితం మీద మీ దస్తఖత్ నా కండ్లతోని సూసిన మేడం" అన్నాడు. గొంతు పెంచలేదు. "గిప్పుడు అది అక్కకు జెప్పకుండ్రి. నేను నమ్మిననని జెప్పుండ్రి. ఫోన్ దానికియ్యుండ్రి."

పెద్దమ్మ నా మొహం వంకే చూస్తోంది. "ఏమన్నడు?" అంది.

"నమ్మిండంట పెద్దమ్మా" అన్నాను. ఆమె నా చేతిలోంచి ఫోన్ లాక్కుని, "తమ్మీ, తిన్నవారా?" అంటూ అటు తిరిగింది.